పాసివ్ వాయిస్ బట్టీ పట్టిన రోజుల్లో

నిన్న ఆరాంఘర్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో పదో తరగతి ఇంగ్లీష్ గ్రామర్ గైడు కనబడింది. తెరిస్తే అదే చెమ్మ వాసన. తెలుగు మీడియంలో చదివిన మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అర్థం తెలియకపోయినా యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చి మార్కులు తెచ్చుకునేవాళ్లం.

నేను పదో తరగతి చదివే ఏడాది శంషాబాద్‌లో మా చర్చికి విదేశం నుంచి ఒక దొరసాని వచ్చింది. కలుపు తీసి పొలం నుంచి నేరుగా వచ్చిన అమ్మ నన్ను ముందుకు తోసింది.

"మా బిడ్డకు ఇంగ్లీష్ మస్తొస్తదమ్మా."

దొరసాని మా ఇద్దరినీ చూసి నవ్వుతూ ఏదో అడిగింది. ఆ యాస నాకు అందలేదు. అందరూ నావైపే చూస్తుంటే భయమేసి, గైడులోని వాక్యం ఒప్పజెప్పాను.

"రామా కిల్డ్ రావణా. రావణా వాజ్ కిల్డ్ బై రామా."

వెనక బెంచీల్లో పిల్లలు పకపకా నవ్వారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఇంటికి నడుస్తుంటే ఆ ప్రశ్న మెల్లగా అర్థమైంది. అప్పుడే అమ్మ అడిగింది.

"ఏమన్నది బిడ్డా ఆమె?"

"ఈమె మీ అమ్మేనా అని అడిగిందమ్మా."

"మరి అవునని చెప్పకపోతివి?"

నాకు ఇంగ్లీష్ రాదని చెప్పడానికి నోరు రాలేదు. అమ్మ కొంగుకు అంటిన మట్టి దులుపుకుంటూ మెల్లగా అంది.

"చీర మార్చుకొని రావాల్సుండె. నీకు నామోషీ అయినట్టుంది."