తొందరగా తీరిన అప్పు

పెళ్లయిన నెలలోనే మా ఆయన తన చదువు అప్పు సంగతి చెప్పారు. తండ్రి చిన్నప్పుడే పోతే బాబాయి పెంచాడు. ఇంజనీరింగులో చేర్చేటప్పుడు బ్యాంకులో అప్పు కోసం ఆ బాబాయి యానాంలోని తన ఇంటి కాగితాలు హామీ పెట్టాడు. ఉన్న ఇల్లు అదొక్కటే.

"ఆ కాగితాలు ఆయన చేతిలో పెట్టేదాకా నాకు మనసు కుదుటపడదు. పిల్లలు కూడా ఆ తర్వాతే అనుకుంటున్నాను. నువ్వేమంటావు?" అని అడిగారు.

నాకు ఇరవై రెండేళ్లు. తొందరేముందిలే అనిపించింది. సరేనన్నాను.

ఆయనకి పుదుచ్చేరి ప్రభుత్వంలో ఇంజనీరు ఉద్యోగం. పుదుచ్చేరికి బదిలీ అయితే ఉప్పళంలో ఒక మేడ మీద అద్దెకి దిగాం. కింద ఇంటివారు తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఆ ఇంటి పెద్దావిడని అవ్వా అని పిలిచేదాన్ని. ఆవిడకి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. మెట్లు దిగుతుంటే చాలు, "ఏంది పాపా, యాడికి ఇంత ఎండలో? మోరు తాగి పో" అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చేది.

నెలనెలా కట్టే వాయిదా కాక, మిగిలింది మిగిలినట్టు అదనంగా కట్టేవాళ్లం. మొదటిసారి కట్టినప్పుడు బ్యాంకువాళ్లు ఆ డబ్బుని వచ్చే నెల వాయిదా కింద రాసేసుకున్నారు. వడ్డీ ఏమీ తగ్గలేదు. మా ఆయన మొహం చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చారు. అప్పటినుంచి తనే స్వయంగా వెళ్లి, "ఇది అసలు కింద జమ చెయ్యండి" అని కౌంటరు దగ్గర నిలబడి రాయించుకుని వచ్చేవారు. నేను ఒక బడిలో పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రం యానాం నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లలకి ఇంట్లో ట్యూషన్ చెప్పేదాన్ని. ఆదివారం పొద్దున్నే ఆయన సైకిలు మీద తేంగాయితిట్టు రేవుకి వెళ్లి, పడవల దగ్గరే చవగ్గా వస్తాయని చేపలు తెచ్చేవారు. పులుసు వాసన కిందికి వెళ్లగానే అవ్వ తన గిన్నె పంపేది. కష్టంగా ఉండేది కాదు. ఇద్దరం కలిసి ఒక పని చేస్తున్నామన్న సంతోషం ఉండేది.

మూడో ఏడు ఆయన్ని కేరళ తీరంలోని మాహేకి వేశారు. ఏడాది పాటే అన్నారు. నా బడీ ట్యూషన్లూ వదిలేస్తే అదనంగా కట్టడానికి ఏమీ మిగలదని నేను ఉప్పళంలోనే ఉండిపోయాను. ఆయన వెళ్లిన కొన్నాళ్లకే నాకు నెల తప్పింది.

ఫోన్లో చెప్పాను. అప్పు తీరకముందే అని కోప్పడతారేమో అనుకున్నాను.

"నిజంగానా?" అని రెండుసార్లు అడిగారు. "ఈ నెల అదనం కట్టొద్దు. వాయిదా ఒక్కటి కట్టు చాలు. పళ్లు కొనుక్కో, పాలు తాగు. బాబాయికి నేను తర్వాత చెప్పుకుంటాను."

అన్ని నెలల్లో అదనం కట్టనిది ఆ ఒక్క నెలే. దానిమ్మపళ్లు కొన్నాను. ఒక మెత్తటి నూలు గుడ్డ కూడా కొన్నాను, ఎందుకో ఎవరికీ చెప్పకుండా.

మూడో నెల నిండకముందే, ఒక సాయంత్రం పిల్లలు ఎక్కాలు అప్పజెప్తుండగా కడుపులో నొప్పి మొదలైంది. లేవబోయి గోడ పట్టుకున్నాను. పిల్లల అరుపులు విని అవ్వ మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కి వచ్చింది. ఆటో పిలిపించి, నా తల తన ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారంతా, "ఒకటీ లేదు పాపా, ఒకటీ లేదు" అంటూనే ఉంది. ఏమీ కాదని ఆవిడ భాషలో ధైర్యం చెప్పడం.

నిలవలేదు.

"నువ్వు చేసిన పని వల్ల కాదమ్మా. కొన్ని ఇలాగే పోతాయి" అంది డాక్టరమ్మ.

మర్నాడు మా ఆయన భుజాన సంచితో వచ్చి వార్డు గుమ్మంలోనే నిలబడిపోయారు. అవ్వే చెయ్యి పట్టుకుని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టింది. ఆయన నా పాదాల వైపు చూస్తూ, "నా చదువు అప్పు కోసం నిన్నిలా ఒంటరిగా వదిలేశాను" అన్నారు.

"అలా అనకండి" అన్నాను. అంతకంటే ఓదార్చే ఓపిక నాకూ లేదు.

యానాంలో ఎవరికీ చెప్పలేదు. సెలవైపోగానే ఆయన మాహే వెళ్లారు, నేను బడికి వెళ్లాను. ఆ పై నెల నుంచి మునుపటికంటే ఎక్కువ కట్టాం. పోయిన బిడ్డ గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. చెయ్యగలిగిన పని అదొక్కటే మిగిలినట్టు కట్టుకుంటూ పోయాం.

ఆయన తిరిగొచ్చిన ఏడాదికి, గడువుకి ఎంతో ముందే అప్పు తీరింది. "ఇంత తొందరగా తీర్చినవాళ్లు అరుదు. స్వీట్లేవి సార్?" అన్నాడు బ్యాంకు ఆఫీసరు. మా ఆయన బయటికెళ్లి మైసూర్‌పాక్ తెచ్చి అందరికీ పంచారు. తను మాత్రం ముట్టుకోలేదు.

కాగితాలు తీసుకుని యానాం వెళ్లాం. బాబాయి కవరు విప్పనైనా విప్పకుండా పక్కన పెట్టాడు.

"దీనికోసం ఇంత దూరం పరిగెత్తుకొచ్చావా? ఇంకో అయిదేళ్లు ఉంటే నాకేం పోయిందిరా? నేనెప్పుడైనా అడిగానా?"

ప్రేమగానే అన్నాడు. మా ఆయన తల వంచుకున్నారు.

చిన్నత్తగారు నాకు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. "ఇక ఏ బాదరబందీ లేదు కదమ్మా. వచ్చే ఏటికి మనవణ్ణో మనవరాలినో ఎత్తుకుని రావాలి" అంది.

"అలాగేనండి" అన్నాను. మా ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. పంపు తిప్పిన చప్పుడు వినిపించింది. మొహం కడుక్కుని రావడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

తర్వాత ఇంకా బదిలీలయ్యాయి. కారైకాల్, మళ్లీ పుదుచ్చేరి, చివరికి యానాం. డాక్టర్ల చుట్టూ తిరిగాం. పిల్లలు కలగలేదు. కొత్త ఊళ్లో అద్దెకి ఇల్లు చూసేటప్పుడు మా ఆయన ఎప్పుడూ ఒక గది ఎక్కువున్నదే వెతికేవారు. యానాం వచ్చినప్పుడు మాత్రం చిన్న ఇల్లు చూపించి, "మనిద్దరికీ ఇది చాలు కదా?" అన్నారు.

చాలన్నాను.