చెడుకబురు ఫోనులో రాదు

కిజిలోర్దా పట్నంలో ఒంటెపాలు అమ్మే కుల్యాష్‌ని ఏ దొంగ మెసేజీ ఏమార్చలేదని వీధంతా చెప్పుకునేది. ఆ పొద్దున కొత్త నంబరు నుంచి ఒకటి వచ్చింది: "లారీ బోల్తాపడింది. మీ ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. వెంటనే ఫోన్ చెయ్యండి."

పక్కింటి షోల్పాన్ కంగారుపడింది. "ఒక్కసారి చేసి చూడక్కా!"

"పోవే పిచ్చిదానా! చెడుకబురు మనవాళ్లెవరైనా ఫోనులో చెప్తారా? పెద్దలు ఇంటికొచ్చి చెప్తారు. ఆ మాత్రం తెలీదు ఈ దొంగవెధవకి!"

కుల్యాష్ ఆ నంబరును బ్లాక్ చేసి, టీలో పాలు పోసుకుంది.

సాయంత్రం కుక్క మొరిగింది. వాకిట్లో పెద్దలు ముగ్గురు తలలు వంచుకుని నిలబడ్డారు.

"పొద్దున మన ఆచారం తెలీని రష్యన్ నర్సు మెసేజీ పెట్టిందట, తల్లీ," అన్నాడు పెద్దాయన. "మీ ఆయన ఆఖరుసారి నీ గొంతు వినాలన్నాడట."