స్కూటర్ వెనకాల

నంద్యాలలో ఇప్పుడు కొత్తగా కొనే స్కూటర్లలో చాలావరకు కరెంటువే. చప్పుడూ ఉండదు, పొగా ఉండదు. మొన్న ఉదయం మా విత్తనాల కొట్టు ముందర ఎవరో రైతు తన పాత పెట్రోలు స్కూటర్‌ను కిక్కు కొట్టి కొట్టి ఎట్లాగో స్టార్ట్ చేశాడు. పొగంతా కొట్టులోకి వచ్చింది. మా గుమస్తా ముక్కు మూసుకుని లోలోపల తిట్టుకున్నాడు. నేను మాత్రం చేతిలోని ప్యాకెట్టు బల్ల మీద పెట్టేసి, ఆ వాసన పోయేదాకా అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు తెల్లవారుజామున ఆళ్లగడ్డ రోడ్డు కనిపిస్తుంది. ముందర స్కూటర్ మీద విమలక్క, ఆమె వెనకాలే వంగి సైకిలు తొక్కుతూ ఏసురత్నం సార్, వాళ్లిద్దరికీ చాలా వెనక రొప్పుకుంటూ నేను. మంచి జ్ఞాపకమే. అయినా తలుచుకున్న ప్రతిసారీ గుండెలో కలుక్కుమంటుంది.

ఏసురత్నం సార్ ఆళ్లగడ్డలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. నంద్యాలలో మా పక్కిల్లే. పిల్లలు లేరు, ఆయనా, భార్య విమలక్కా ఇద్దరే. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, సన్నగా, ఎండకు కమిలిన మొహంతో ఉండేవారు. వారానికి నాలుగు రోజులు సైకిలు సాధన చేసేవారు. నేను అందుకు పూర్తిగా విరుద్ధం. కొట్లో కూర్చుని కూర్చుని పొట్ట పెంచినవాణ్ణి. షుగరు వచ్చిందని డాక్టరు భయపెట్టేసరికి, ఆ భయంలో ఖరీదైన సైకిలు ఒకటి కొనేశాను. మొదటి రోజే శిరివెళ్ల దాకా పోయి, తిరిగి రాలేక దాన్ని ఆటోలో వేసుకొచ్చాను. గోడ పక్కనుంచి సార్ చూశారు. నవ్వలేదు. సాయంత్రం మా ఇంటికొచ్చారు.

వచ్చినవారు నాతో మాట్లాడలేదు. మా ఆవిడ సుజాత ముందు కూర్చున్నారు. "అమ్మా, వారంలో ఏ పూట ఈయప్ప ఇంట్లో లేకపోయినా నీకు ఇబ్బంది లేదో చెప్పు" అన్నారు. నేను మధ్యలో, "పొద్దున ఎప్పుడైనా పర్వాలేదు సార్" అన్నాను. సార్ నా వైపు తిరిగి, "నిన్నడగలేదప్పా. నువ్వు సైకిలెక్కి పోతావు. పిల్లకు జడేసి బడికి పంపేది యెవరు?" అన్నారు. సుజాత ఆ ప్రశ్నకే పడిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట నేనెప్పుడూ అడగలేదని ఆరోజు రాత్రి నాలుగైదుసార్లు గుర్తుచేసింది. మంగళవారం, గురువారం తెల్లవారుజామున, శనివారం కాస్త ఎక్కువసేపు అని ఆమే తేల్చింది. ఆదివారం సార్‌కు చర్చి, నాకు ఇల్లు. అట్లా నా సాధన మొదలైంది.

సార్ దగ్గర నేర్చుకోవడమంటే ముందు నెమ్మదిగా తొక్కడం నేర్చుకోవడమే. నాకేమో లారీ దాటిపోయినా రోషం పొడుచుకొచ్చేది. "ఏందప్పా, యాడికి ఉరుకుతాండావ్? ఈరోజు మాట్లాడుకుంటా తొక్కే రోజు. గుండెను అదుపులో పెట్టుకో" అని అరిచేవారు. ఆయన ఛాతీకి ఒక పట్టీ కట్టుకునేవారు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో మణికట్టు మీది గడియారంలో కనిపించేది. ఎక్కడ ఎంత పెంచాలి, ఎక్కడ తగ్గించాలి అన్నది ఆయన లెక్కల పాఠం చెప్పినంత శ్రద్ధగా చెప్పేవారు. ఎదురుగాలి ఉన్నా, ముందు రోజు నిద్ర లేకపోయినా ఆ గడియారం దాచదని ఆయన నమ్మకం. నేనూ నమ్మాను. ఏడాది తిరక్కుండా ప్యాంట్లన్నీ వదులైపోయాయి.

గురువారం మాత్రం వేరు. ఆరోజు విమలక్క స్కూటర్ తీసేది. బండి వెనక దగ్గరగా తొక్కితే గాలి తగలదు. మామూలుగా అందని వేగం కాళ్లు అందుకుంటాయి. పెద్ద ఊళ్లలో ఈ సాధనకు మనిషిని పెట్టుకుంటారట. సార్‌కు ఆ మనిషి ఇంట్లోనే ఉంది. గోడ అవతల ఆరోజు ఎప్పుడూ ఒకే వరస వినిపించేది. సైకిలు బూట్లకు అడుగున గట్టి బిళ్లలుంటాయి కదా, అవి గచ్చు మీద టకటకమనేవి. తర్వాత సార్ గొంతు, "విమలా, బాగుండావా?" వెంటనే అక్క, "నాకేమైంది? మీరు పాండి." ఆ పైన స్కూటర్ చప్పుడు, పొగ. అక్క తలకు తువ్వాలు చుట్టి, సన్నగా ఏదో పాట పాడుకుంటూ, అద్దంలో సార్‌ను చూసుకుంటూ నడిపేది. ఆయన కాస్త వెనకబడితే తనూ తగ్గేది, ఆయన తెలుసుకునేంత తగ్గేది కాదు. శిరివెళ్ల దగ్గర పాలు పోసేవాళ్లు ప్రతిసారీ ఎగతాళి చేసేవారు. "ఏందక్కా, మాస్టర్ని తాడు కట్టి లాక్కపోతాండావా?" అక్క కూడా తగ్గేది కాదు. "తాడెందుకన్నా, ముందర నేనుంటే ఆయనే వస్తాడు" అనేది.

ఆ ఏడు హైదరాబాదులో సైకిలు పోటీ ఉందని తెలిసింది. ఆదివారం. చర్చి మానాలంటే సార్ తటపటాయించారు. అక్కే తేల్చేసింది. "దేవునితో నేను మాట్లాడుకుంటాలే, మీరు తొక్కేది తొక్కండి" అంది. ఇక మూడు నెలలు సాధన మరింత గట్టిగా సాగింది. వారానికి రెండుసార్లు స్కూటర్ బయటికొచ్చేది. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఆగి దోసెలు తినేవాళ్లం. ఒకరోజు అక్క తన ప్లేటు నా ముందుకు నెట్టింది. "తిను నాయనా, నాకు ఆకలిగా లేదు" అంటూ నడుం మీద చెయ్యి వేసుకుని బల్లకు ఆనుకుని నిలబడింది. సార్ గడియారం చూసుకుంటూ, "ఈరోజు గుండె బాగా నిలబడిందప్పా, పోయిన వారం కంటే తక్కువ" అని నాకు చూపిస్తున్నారు. నేనూ అదే చూశాను. ఆమె దోసె కూడా నేనే తిన్నాను.

పోటీలో ఆయన వయసు వాళ్లలో సార్‌కు మూడో స్థానం వచ్చింది. సోమవారం పతకం మా కొట్టుకు తెచ్చి చూపించారు. ఆయన అంత నవ్వడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ వారమే అక్క వంటింట్లో పడిపోయింది. కర్నూలు తీసుకుపోయారు. కడుపులో గడ్డ. అప్పటికే వెన్నుకు పాకింది. చాలా నెలలుగా నొప్పి ఉండి ఉంటుందే, మీకెవరికీ తెలియలేదా అని డాక్టరు అడిగారట. నేను చూడబోయినప్పుడు ఆమె మంచం మీద నుంచే సార్‌ను ఓదారుస్తూ ఉంది. "పోటీ అయినాక చెప్దామనుకున్న్యా. మీరు అన్నేండ్లు కష్టపడితిరి, నడుమ నా గోల ఎందుకని." సార్ ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నారు. వానలు మొదలయ్యేసరికి ఆమె వెళ్లిపోయింది.

సమాధుల తోట నుంచి వచ్చాక సార్ సైకిలు జోలికి పోలేదు. కొన్నాళ్లకు నేను ధైర్యం చేసి, "సార్, గురువారం నేను స్కూటర్ నడుపుతాను, మీరు వెనక రండి" అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అన్న వెంటనే తెలిసింది. ఆయన కోప్పడలేదు. "వద్దప్పా" అన్నారు, అంతే. ఆ తర్వాత బదిలీ అడిగి అవుకుకు వెళ్లిపోయారు. పక్కిల్లు ఇంకెవరో తీసుకున్నారు. గురువారాల్లో గోడ అవతల నుంచి టీవీ తప్ప ఏమీ వినిపించేది కాదు.

ఒకసారి అవుకు వెళ్లి కలిశాను. ఒంటరి గది. గోడకు ఆనించిన సైకిలుకు టైర్లలో గాలి లేదు. ఆయన బాగా చిక్కిపోయారు. సాయంత్రం రిజర్వాయరు కట్ట మీద కూర్చున్నాం. ఉన్నట్టుండి సార్ అన్నారు. "నా గుండె ఎట్లా కొట్టుకుంటాందో అడుగడుక్కీ చూసుకున్న్యా. ముందర బండి నడిపే మనిషి ఎట్లుందో చూడల్యా." నేను ఊరికే ఓదార్చబోయాను. "మీరు ప్రతిసారీ అడిగేవారు కదా సార్. గోడ పక్కనుంచి నేను వినేవాణ్ణి."

"అడిగినా. కానీ ఎప్పుడడిగినా? బూట్లేసుకొని అడిగినా" అన్నారు. "బూట్లేసుకొని వాకిట్లో నిలబడి అడిగితే ఎవురైనా బాగుండా అనే చెప్తారప్పా. పోయేటోణ్ణి ఆపి నొప్పి చెప్పే ఆడమనిషిని యాడన్నా చూసినావా? నువ్వు అట్ల అడగొద్దు. బూట్లిప్పి అడుగు." చీకటి పడేదాకా అక్కడే కూర్చుని, నన్ను బనగానపల్లె బస్సు ఎక్కించి వెళ్లిపోయారు. ఇప్పుడు ఫోను చేసినా ఎక్కువ మాట్లాడరు. సుజాత ఎట్లుందని మాత్రం తప్పకుండా అడుగుతారు.

నేనింకా తొక్కుతున్నాను. సార్ నేర్పిన పద్ధతిలోనే, అవే వారాలు. వచ్చే నెలలో నాకూ మొదటి పోటీ ఉంది. పొగ వాసన కొట్టులోకి వచ్చింది మొన్న బుధవారం. మర్నాడు గురువారం తెల్లవారుజామున తయారై, సైకిలు వాకిట్లో పెట్టి, గడప దగ్గర నిలబడి అలవాటుగా, "బాగున్నావా?" అని వంటింటి వైపు కేకేశాను. కాళ్ల కింద బిళ్లలు గచ్చు మీద టక్కుమన్నాయి.

"నాకేమైంది? మీరు పోండి" అంది సుజాత.

సైకిలు గోడకు ఆనించాను. మెట్టు మీద కూర్చుని బూట్లు రెండూ విప్పాను. మేజోళ్లు కూడా విప్పి, ఒట్టి కాళ్లతో వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కన నిలబడి మళ్లీ అడిగాను. సుజాత విసుగ్గా ఏదో అనబోయి నా పాదాల వైపు చూసింది. చాలాసేపు చూసింది. పొయ్యి ఆర్పేసింది.

"కూచోండి, చెప్తా" అంది.