బావ జబ్బకు తాయెత్తు, నా భుజానికి కట్టు

మా నర్సయ్య బావ ఈ సంగతిని తనకు నచ్చినట్టు ఊరంతా చెబుతున్నాడు కాబట్టి, అసలు జరిగింది అచ్చులో ఉండాలని రాస్తున్నాను.

బావకు బండి నడిపితే చేతులు లాగేవి. షోకు కోసం హ్యాండిల్ కిందికి దింపించి, మోచేతులు కర్రల్లా బిగించి, ఒంటి బరువంతా అరచేతుల మీద మోపి నడిపేవాడు. నా చదువు ఏడో తరగతితో ఆగినా లైబ్రరీని వదల్లేదు. అక్కడ ఒక పుస్తకంలో చదివిందే చెప్పాను.

"హ్యాండిల్ పైకి లేపించు బావా. మోచేతులు కొంచెం వంచు, మోకాళ్లతో ట్యాంకును పట్టుకో. బరువు చేతుల మీద పడదు."

"లైబ్రరీల కూసుంటే బండి నడుపుడు వస్తదారా? ఇది గాలి సోకిన నొప్పి," అని జబ్బకు తాయెత్తు కట్టించుకున్నాడు.

పోయిన వానాకాలం నన్ను వెనక ఎక్కించుకుని భద్రాచలం బయలుదేరాడు. పాల్వంచ దాటాక అడవి మలుపులో బర్రెలు అడ్డం వచ్చాయి. బండి ఆగలేదు.

"వేళ్లు తిమ్మిరెక్కినయ్‌రా, బ్రేకు పడ్తలేదు," అన్నాడు బావ.

"కాలి బ్రేకు తొక్కు," అని అరిచాను. తొక్కేసరికి తడి రోడ్డు మీద బండి జారి ఇద్దరం కాలువలో పడ్డాం. నా భుజం ఎముక విరిగింది. బావ బురదలోంచి లేచి జబ్బ తడుముకున్నాడు.

"చూసినవా, తాయెత్తు ఉండబట్టే బతికినం."

ఆ హ్యాండిల్ ఇంకా కిందే ఉంది. ఆ బండి వెనక నేనిక కూర్చోను.

మమ్మల్ని పైకి లాగిన బర్రెల కాపరి సోమయ్యకు, ఆటోలో దవాఖానాకు చేర్చిన రజితకు, ఆ పుస్తకం వెతికిచ్చిన లైబ్రరీ సుశీలమ్మగారికి కృతజ్ఞతలు. తాయెత్తుకు బావ చెప్పుకున్నాడు, అది చాలు.