నూట పద్దెనిమిది మందిని దాటించిన మా పిన్ని

మా పిన్నిని ఆసుపత్రిలో అందరూ లిస్టక్క అనేవాళ్లు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆమెకీ తెలుసు. హెడ్ నర్సుగా పదకొండేళ్లు చేసిన మనిషి. చదువు కోసం నేను వాళ్లింట్లో ఆరేళ్లు ఉన్నాను కాబట్టి ఆ లిస్టుల దెబ్బ నాకూ తగిలింది. ఒంటి సబ్బు ఏ వారానికి అరిగిపోతుందో కూడా రాసి పెట్టేది.

"ఈ కాగితాల్లో నా పేరెక్కడుందో కాస్త వెతికిపెట్టవే," అనేవాడు బాబాయి నాతో.

"పాత సామాన్ల కాగితం చూడండి," అని వంటగదిలోంచి జవాబొచ్చేది.

ఆసుపత్రి పాత భవనం గోడలు బీటలు వారాయి. ఎనిమిది వీధుల అవతల కొత్తది కట్టారు. సూపరింటెండెంటు పిన్నిని పిలిచి, "ఒక్కరోజులో మార్చాలి సిస్టర్. రెండుచోట్లా నడపడానికి మనకి మనుషుల్లేరు. మీ వల్లే అవుతుంది," అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తుంటే ఆమె మొహం వెలిగిపోయింది. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, ఆసుపత్రి మార్చి చూడు అనడం మర్చిపోయారు," అని నవ్వింది.

నాలుగు నెలలు పట్టింది ఏర్పాట్లకి. ముప్ఫై రెండు మంది సిబ్బందిని నాలుగు జట్లు చేసింది. మంచం మీంచి దించేవాళ్లు, బండిలో తోడు వెళ్లేవాళ్లు, అక్కడ అందుకునేవాళ్లు, మందులూ కాగితాలూ చూసేవాళ్లు. ఏ పనికైనా జవాబు చెప్పేది ఒక్కరే. "ఇద్దరి పని ఎవరి పనీ కాదు," అనేది. చదవడం రాని ఊడ్చే ఆమె కోసం గది గదికీ రంగు కాగితాలు అంటించింది. లిఫ్టు నడిపే పెద్దాయనకి మోకాళ్ల నొప్పులని కుర్చీ వేయించింది. దారిలో స్పీడ్ బ్రేకర్లు తొమ్మిదని లెక్కపెట్టింది. ఒక మధ్యాహ్నం బాబాయిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి అంబులెన్సులో అటూ ఇటూ తిప్పి, ప్రతి కుదుపుకీ ఎక్కడ నొప్పి పుట్టిందో రాసుకుంది. "బతికుండగానే నలుగురి చేతా మోయించుకున్నది నేనొక్కణ్ణే," అని ఆయన వీధంతా చెప్పుకున్నాడు.

ఆ జట్లలో ఎవరూ ఆమె గీసిన గీత దాటేవాళ్లు కాదు. భయంతో కాదు, నమ్మకంతో.

ఆసుపత్రి మార్చే ఆదివారం కాగితాలు మోసే పనికి నేనూ వెళ్లాను. పొద్దున్న ఆరింటికి పాత భవనం వరండాలో అందరూ నిలబడ్డారు. పిన్ని ఒక్కొక్కరి పనీ చదివింది. చివర్లో, ఆక్సిజన్ గొట్టాలు చూసే మెకానిక్ ఒక అడుగు ముందుకేశాడు. ఆయనకి నత్తి. మొదటి మాట పెగలడానికి సమయం పట్టేది.

"అ... అక్కా, మూ... మూడో..."

పిన్ని గడియారం చూసుకుంది. బయట మొదటి బండి ఇంజన్ మొదలైంది.

"అన్నా, ఏదైనా సాయంత్రం. ఈరోజు కొత్త మాట వద్దు. కాగితంలో లేనిది ఈరోజు లేదనుకో." కసురుకోలేదు. నవ్వుతూనే అంది. పక్కనున్నవాళ్లూ నవ్వారు. ఆయన తల ఊపి వెనక్కి తగ్గాడు.

మధ్యాహ్నం మూడున్నరకి చివరి రోగిని, నూట పద్దెనిమిదో మనిషిని, కొత్త మంచం మీద పడుకోబెట్టారు. అనుకున్నదానికన్నా అరగంట ముందే. సూపరింటెండెంటు చప్పట్లు కొట్టాడు. పిన్ని కళ్లు తుడుచుకుంది.

నాలుగుంపావుకి కొత్త భవనం మూడో అంతస్తు చివరి గదిలో ఆక్సిజన్ తగ్గిపోయింది. ఆ గదికి వచ్చే గొట్టం అతుకు దగ్గర ముందు రోజు నుంచీ కారుతోంది. ఆ గదిలో ఉన్నది ఊపిరితిత్తుల జబ్బుతో మూడు వారాలుగా పడుకున్న ఒక టైలరు. నర్సుకి ఆ భవనం కొత్త. విడి సిలిండరు ఏ మూల ఉందో తెలిసేసరికి ఆయన పోయాడు.

"ఎలాగూ పది రోజులకి మించి ఉండేవాడు కాదు," అన్నారు డాక్టర్లు. విచారణ జరిగింది. మెకానిక్‌ని అడిగారు, లీకు సంగతి తెలిసీ ఎవరికీ ఎందుకు చెప్పలేదని. ఆయన చాలాసేపు నోరు కదిపి, "టై... టైం దొరకలేదు సార్," అన్నాడట. అంతే. పిన్ని అదే గదిలో, మూడు కుర్చీల అవతల కూర్చుని ఉంది. ఆయన ఆమెవైపు కూడా చూడలేదు. ఆమె నోరు విప్పలేదు. నిర్లక్ష్యం అని రాసి ఆయన్ని రెండు నెలలు పని నుంచి తప్పించారు. పిన్నికి శాలువా కప్పారు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఏదో మారిపోయింది. పిన్ని మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. "ఎవరో ఏదో అన్నారు కదూ?" అనేది. ఎవరూ ఏమీ అనలేదని బాబాయి చెప్తే, "ఉండండి, చెప్పనివ్వండి," అని తలుపువైపు చూస్తూ నిలబడేది. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. ఎదురుగా ఎవరూ ఉండేవాళ్లు కాదు.

ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. పాత భవనంలో ఉంది. కిటికీలు ఊడదీసేశారు. ఖాళీ వార్డులో నేల మీద మంచం కాళ్ల గుర్తులు మాత్రం వరసగా ఉన్నాయి. పిన్ని ఒక్కో గుర్తు దగ్గరా ఆగి, వంగి, మంచం నంబరు పిలుస్తోంది. పిలిచి, జవాబు వినేవరకూ ఆగుతోంది. ఆ తర్వాతే తల ఊపి పక్కదానికి వెళ్తోంది. ఒక చోట మాత్రం ఎంతకీ కదల్లేదు.

"పిన్నీ," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి, "వీళ్లందరూ చెప్తున్నారే. ఒక్కాయనకే మాట రావట్లేదు," అంది.

నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. గేటు దగ్గర రాయి మీద కూర్చుని అప్పుడు చెప్పింది. ఆ పొద్దున్న మెకానిక్ చెప్పబోయిందేమిటో, విచారణలో తను ఎందుకు మాట్లాడలేదో. "భయమేసింది. అంత బాగా చేసిన పని నాది కాకుండా పోతుందని," అంది. ఆ వరండాలో నేనూ ఉన్నాను. నవ్వినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

మర్నాడే సూపరింటెండెంటుకి ఉత్తరం రాసిచ్చింది. ఆయన చదివి మడిచి, "మూసేసిన ఫైలు సిస్టర్ ఇది. రిటైర్మెంటుకి రెండేళ్లుంది. ఎందుకు మీకిది?" అన్నాడు.

"ఆయన చెప్పబోయాడు సార్. నేను ఆపాను. ఫైల్లో అదుండాలి," అంది పిన్ని.

మెకానిక్ మీద రాసింది కొట్టేశారు. పిన్నిని హెడ్ నర్సు పని నుంచి తీసేసి మామూలు వార్డు డ్యూటీ వేశారు. ఆమె మెకానిక్ ఇంటికి వెళ్లి గుమ్మంలోనే క్షమించమంది. ఆయన కంగారుపడి కుర్చీ తుడిచాడు. "నే... నేనే గట్టిగా అరవాల్సింది అక్కా," అన్నాడు. ఆమెకి ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

చివరికి టైలరు భార్య దగ్గరికి బయల్దేరింది. వద్దన్నాడు బాబాయి. తోడు నేను వెళ్లాను. చిన్న గది. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పిన్ని మంచినీళ్లు కూడా ముట్టుకోకుండా జరిగిందంతా చెప్పింది. ఆవిడ చివరివరకూ వింది. ఏడవలేదు, అరవలేదు.

"నాకెందుకు చెప్పారమ్మా ఇది?" అంది. "ఆయన రోజులు అయిపోయాయి, వెళ్లిపోయాడు అనుకుంటున్నాను. అలా అనుకునే అన్నం తింటున్నాను. ఇప్పుడు ఎవర్ని అనుకోమంటారు?"

"నన్ను అనుకోండి," అంది పిన్ని.

ఆవిడ లేచి తలుపు తీసింది. మేం బయటికొచ్చాక మెల్లగా వేసుకుంది.

మిగిలిన రెండేళ్లూ పిన్ని వార్డులో చేసింది. మూడో అంతస్తు కావాలని తనే అడిగి వేయించుకుంది. ఇంట్లో మాటల మధ్య ఆగిపోవడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. బాబాయీ నేనూ అలవాటు పడ్డాం. ఆమె ఆగినప్పుడు మేమూ ఆగేవాళ్లం, ఆమె మళ్లీ మాట్లాడేదాకా.