పెద్దచెరువు దగ్గర ఉప్పు

ఆత్మకూరు దాటి నల్లమలలోకి అడుగుపెట్టినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. యాభైల మొదట్లో మాట. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే గుంపులో అమ్మా నేనూ ఉన్నాం. అందరూ మల్లన్నను తలుచుకుంటూ నడుస్తుంటే, నేను మాత్రం దారిలో వచ్చే పెద్దచెరువును తలుచుకుంటున్నాను. ముందు గుంపుతో బయల్దేరిన పెద్దమ్మ, అక్కడ ఆగి ఉంటానని కబురు పంపింది.

పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. వాళ్లమ్మ, అంటే మా అవ్వ, మా ఇంట్లో పోయినప్పుడు పెద్దమ్మకు కబురు ఆలస్యంగా అందింది, ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. కావాలనే చెప్పలేదని ఆమె, మనిషిని పంపాను కదా అని అమ్మ. అప్పట్నుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పెద్దమ్మ చేతుల్లో పెరిగినదాన్ని, మధ్యలో నలిగింది నేను. ఈసారి కూడా పలకరించుకోకపోతే ఇక ఈ జన్మకు కలవరని నా భయం.

దారి కష్టమేం కాదు. కొండ మెల్లగా ఎక్కుతుంది, పైన వెదుళ్ల నీడ. మా ఊరి చేలల్లో నీడే ఎరగనిదాన్ని, మురిసిపోవాలి కదా? ఒక్క చెట్టూ కంటికి ఆనలేదు. అమ్మేమో అడుగడుక్కీ కూర్చుంటుంది. ముల్లు గుచ్చుకుందంటుంది, చూస్తే ముల్లుండదు.

"బిర్నా రామ్మా, పొద్దు పోతాండాది."

"చెరువు యాడికీ పోదులే. నీకేం తొందర?"

నాది తొందర, ఆమెది భయం. రెండూ తెలిసే కసురుకున్నాం.

చివరికి చెరువు కనిపించింది. కొండల నడుమ అన్ని నీళ్లుంటాయంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. నేను నీళ్లు చూడలేదు, మనిషి కోసం వెతికాను. మద్దిచెట్టు కింద పెద్దమ్మ, శానా చిక్కిపోయింది. అమ్మ ఆమెకు వీపు పెట్టి, పక్క చెట్టు కింద సద్దిమూట విప్పింది. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చింది వీపులు చూసుకోవడానికా!

పెరుగు కలిపిన కొర్రన్నంలో ఉప్పు లేదు. ఎన్నడూ మర్చిపోని మనిషి మర్చిపోయింది. కాసేపు అన్నాన్ని ఊరికే పిసుకుతూ కూర్చుని, తల తిప్పకుండానే "ఉప్పుండాదా?" అంది.

పెద్దమ్మ లేచి వచ్చింది. అమ్మ చెయ్యి చాచింది. ఆ చేతిని చూసి కూడా పెద్దమ్మ ఉప్పు పొట్లాన్ని బండ మీద పెట్టింది.

నేనిక ఆగలేకపోయాను. "చెయ్యి చాపితే బండ మీద పెడ్తావా పెద్దమ్మా? అంత కానివాళ్లమా మేము?"

"ఉప్పు చేతికిస్తే కొట్లాట వస్తాది గదే," అందామె. "ఇంగ మీ అమ్మతో కొట్లాడేకి నాకు శాత కాదు."

నాకూ తెలిసిన ఆచారమే, కోపంలో తోచలేదు.

అమ్మ బండ మీది ఉప్పు తీసి అన్నంలో కలిపింది. మొదటి ముద్ద ఎత్తి, ఈసారి ఎదురుగా తిరిగింది.

"ముద్దయితే చేతికియ్యొచ్చు గదక్కా."

పెద్దమ్మ దోసిలి పట్టింది. నేను చెరువు గట్టుకు పరిగెత్తాను. అక్కడే నిలబడి ఉంటే వాళ్లకంటే ముందు నేనే ఏడ్చేసేదాన్ని.