వేదిక దాకా రాని ర్యాంపు

మా అక్కకు మూడేళ్ల వయసులో పోలియో సోకి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. మా నాయన గొర్లు కాస్తూ, జాతరలప్పుడు ఒగ్గు కథ చెప్పేవాడు. వినీ వినీ అక్కకు ఆ కథలన్నీ నోటికొచ్చాయి. నాయన పోయాక ఆమె కథ చెప్పడం, నేను డోలు కొట్టడం మొదలైంది. నవాబుపేట చుట్టుపక్కల ఊళ్లలో నేల మీదే కూర్చుని చెప్పేది. జనమూ నేల మీదే కూర్చునేవాళ్లు. ఆమె నడవలేదన్న సంగతి అక్కడ ఎవరికీ అడ్డు రాలేదు.

తరువాత నాకు తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే పని దొరికింది. అక్కను నా దగ్గరికే తెచ్చుకున్నాను.

ఆ రోజుల్లోనే వికారాబాద్‌లో ఒక కళాభవనానికి, వికలాంగులు కూడా వచ్చి పోయేలా మార్పులు చేయడానికి సర్కారు నిధులు వచ్చాయి. ప్రారంభం రోజున అక్క కథ పెడతామని అక్కడి మేనేజర్ ఫోన్ చేశాడు. అక్క ముందుగా ఒక్కటే అడిగింది.

"బాత్‌రూంలకు నా కుర్చీ పోతదా సార్?"

"అన్నీ చేసినం అమ్మా, ఫికర్ చెయ్యకు."

అయినా ముందురోజు సాయంత్రం నుంచే ఆమె నీళ్లు మానేసింది. ఎందుకని అడిగాను.

"బయటికి పోయేదుంటే తాగ తమ్మీ. అలవాటైపోయింది."

పొద్దున రైలుకు వెళ్లాం. గుమ్మం ముందు కొత్త ర్యాంపు ఉంది. ఒక నాయకుడు రిబ్బన్ కత్తిరించాడు. అక్కను ర్యాంపు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. లోపలికి వెళ్లి చూస్తే వేదికకు ఐదు మెట్లు. బాత్‌రూం తలుపులో చక్రాల కుర్చీ పట్టలేదు.

"ర్యాంపుకే సరిపోయినయి నిధులు. జర అడ్జస్ట్ కావాలె," అన్నాడు మేనేజర్.

"ఇంటికి పోదాం తమ్మీ. నేను ఎక్క," అంది అక్క.

"ఇంతమంది వచ్చి కూసున్నరు. ఈ ఒక్కసారికి ఓర్సుకో అక్కా," అన్నాను నేను.

ఆమె నా వైపు చూసి, చీర అంచును కాళ్ల కిందికి దోపుకుంది. ఇద్దరు మగవాళ్లు చంకల కింద చేతులేసి లేపారు. నేను కాళ్లు పట్టుకున్నాను. మూడో మెట్టు దగ్గర చీర మోకాళ్ల పైకి జరిగింది. పుల్లల్లాంటి ఆ కాళ్లను అక్క మా అమ్మకు తప్ప ఎవరికీ చూపించలేదు. ముందు వరుసలో ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. చీర సర్దుదామంటే నా రెండు చేతులూ ఖాళీ లేవు.

గంటసేపు కథ చెప్పింది. గొంతు ఎక్కడా తడబడలేదు. చప్పట్లు మోగాయి. మళ్లీ దింపేటప్పుడు కళ్లు మూసుకుంది. రైల్లో ఒక్క మాటే అంది.

"నువ్వు గూడ పట్టుకున్నవు గదరా."

నాలుగో రోజు చలిజ్వరం పట్టుకుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పోయిందన్నారు. "నీళ్లు తాగకుంట, గంటలకొద్దీ ఆపుకుంటే గిట్లనే అయితది," అని డాక్టర్ కోప్పడ్డాడు. పది రోజులు ఆస్పత్రిలో ఉంది.

ఆమె కోలుకున్నాక, వేదికకు ర్యాంపూ, కుర్చీ పట్టే బాత్‌రూమూ కావాలని కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. పని మానుకుని ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. చివరికి ఒక ఉద్యోగి ఫైలు తీసి చూపించాడు. పని పూర్తయిందని రాసి ఉంది. రుజువుగా ర్యాంపు మీద అక్క ఫోటో అతికించి ఉంది.

"గీమె మా అక్క సార్," అన్నాను.

"మంచిదే గదా మరి. అయిపోయిన పనికి మళ్ల నిధులు రావు," అని ఫైలు మూసేశాడు.

ఆ మాట అక్కకు చెప్పలేదు.

ఆ తరువాత ఎవరు పిలిచినా ఆమె కదల్లేదు. మొన్న మర్పల్లి దగ్గరి ఊరి నుంచి జాతరకు రమ్మని కబురొచ్చింది.

"అక్కడ నేలే అక్కా, ఎక్కేదేం లేదు," అని బతిమాలాను.

"నువ్వు పో తమ్మీ. డోలు కొట్టేటోళ్లు ఎవరికైనా కావాలె."

వెళ్లాను. వేరేవాళ్లు చెప్పిన కథకు డోలు కొట్టి మరునాడు తాండూరు వచ్చాను. ఎట్లా జరిగిందని అక్క అడగలేదు.